బిల్లు లేకుండా బండి కదలదు: ఒక కుట్టు యూనిట్ కేసు

“ఆర్డర్లు చేతినిండా ఉన్నాయి. జీతాల రోజు వచ్చేసరికి మాత్రం చేతిలో డబ్బుండట్లేదు. అప్పు తీసుకోవాలా, వద్దా?”

తోటి వ్యాపారుల బృందంలో తన వంతు వచ్చినప్పుడు ఆవిడ పెట్టిన ప్రశ్న ఇదొక్కటే. ఆవిడది యూనిఫాంలు కుట్టే చిన్న యూనిట్. 14 మెషీన్లు, ఒక పొడవాటి కటింగ్ టేబుల్, ఆవిడతో కలిపి 19 మంది. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో, హోటళ్ళలో పనిచేసే సిబ్బందికి బట్టలు కుట్టి ఇస్తారు. మొదలుపెట్టి ఆరేళ్ళయింది. కుట్టు బాగుంటుందని పేరుంది, కొత్త ఆర్డర్ల కోసం ఎవరి గుమ్మం ఎక్కాల్సిన అవసరం లేదు. అలాంటి మనిషి, ప్రతి నెలా 25వ తేదీ దాటితే టెన్షన్‌తో నిద్ర పట్టదని చెప్పారు.

ఆ బృందాన్ని నడిపేది నేను. ఈ కేసు 8 నెలలు నడిచింది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. డబ్బు అంకెలన్నీ ఆవిడ రోజు అమ్మకాన్ని 100 అనుకుని వేసినవి. రోజుల లెక్కలు, శాతాలు ఆవిడ పుస్తకంలో ఉన్నవే. మొదట్లో నేను చేసిన పొరపాటు కూడా ఉన్నదున్నట్టు రాస్తాను. ఇలాంటి బృందం నడపాలనుకునేవాళ్ళకి అన్నిటికంటే పనికొచ్చేది అదేనని నా నమ్మకం.

బృందంలో ఎవరున్నారు

ఎనిమిది మంది. లారీల రిపేరు షెడ్డు, ప్రింటింగ్ ప్రెస్సు, మందుల షాపు, చెక్క ఫర్నిచర్, రక్తపరీక్షల ల్యాబ్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టు, ట్యూషన్ సెంటర్, ఈ కుట్టు యూనిట్. నెలకొకసారి కలుస్తాం, 3 గంటలు కూర్చుంటాం. అక్కడ విన్నది గడప దాటకూడదు. ఒకే వ్యాపారం చేసేవాళ్ళు ఇద్దరు ఉండరు, ఒకరికొకరు సరుకు అమ్ముకునేవాళ్ళూ ఉండరు.

ఒకే వ్యాపారం వాళ్ళు ఉండకూడదన్న నియమాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. “ఒకే లైన్లో ఉన్నవాళ్ళైతే ఇంకా బాగా అర్థం చేసుకుంటారు కదా” అంటారు. అర్థం చేసుకుంటారు, నిజమే. కానీ మన ధర ఎంతో, ఎవరు మనకి బాకీ ఉన్నారో పోటీదారు ముందు ఎవరు నోరు విప్పుతారు? చైనాలో 2,820 సంస్థల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2018లో అచ్చయింది. పెట్టి ఎక్కువ కాలం కాని సంస్థలవి. కొన్నిటి యజమానుల్ని చిన్న బృందాలుగా చేసి ఏడాది పాటు నెలనెలా కూర్చోబెట్టారు, మిగతావాళ్ళని వదిలేశారు. కూర్చున్నవాళ్ళ అమ్మకాలు, కూర్చోనివాళ్ళతో పోలిస్తే 8.1 శాతం పెరిగాయి. సమావేశాలు ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. తమకి తెలిసిన పనికొచ్చే సమాచారాన్ని, ఎదుటివాళ్ళు పోటీదారులు కానప్పుడే ఎక్కువగా పంచుకున్నారని కూడా అందులో తేలింది. ఒక్కసారి కలిసి విడిపోయే సమావేశాల కంటే, అదే మనుషులు మళ్ళీ మళ్ళీ కలిసేచోట వ్యాపార సంబంధాలు ఎక్కువ కుదిరాయి. ఈ “మళ్ళీ మళ్ళీ” అన్న మాట మీదే ఈ కేసంతా నిలబడి ఉంది.

పదకొండు సలహాలు

మొదటి సమావేశానికి వస్తాను. ఆవిడ ప్రశ్న పెట్టడమే ఆలస్యం, గదంతా హుషారైపోయింది. అప్పు జోలికి పోవద్దు, ఖర్చులు తగ్గించుకోండి అని ఒకరు. వ్యాపారం పెరుగుతున్నప్పుడు అప్పుకి భయపడితే ఎలా అని ఇంకొకరు. ధరలు పెంచమన్నారు. మనుషుల్ని తగ్గించమన్నారు. నెల జీతం తీసేసి పీసుకింత అని ఇమ్మన్నారు. బట్ట ఇచ్చేవాళ్ళ దగ్గర గడువు పెంచుకోమన్నారు. ఆన్‌లైన్లో అమ్మమన్నారు. 40 నిమిషాల్లో 11 సలహాలు. ఆవిడ అన్నీ పుస్తకంలో రాసుకుని, పేరుపేరునా అందరికీ థాంక్స్ చెప్పి వెళ్ళారు. సమావేశం ఎంతో బాగా జరిగిందనుకుని నేనూ సంతోషంగా ఇంటికెళ్ళాను.

తర్వాతి నెల కూర్చోగానే, “పోయినసారి అనుకున్నవాటిలో ఏం చేశారు?” అని అడిగాను. ఆవిడ కాసేపు నీళ్ళు నమిలారు.

“ఏదీ మొదలుపెట్టలేకపోయానండీ. ఒకరు చెప్పింది చేద్దామని కూర్చుంటే, ఇంకొకరు చెప్పింది గుర్తొచ్చేది.”

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఆ 11 సలహాల్లో తప్పుడు సలహా ఒక్కటీ లేదు. ఒక్కటీ ఆవిడ వ్యాపారం చూసి పుట్టింది కూడా కాదు. ఫర్నిచర్ ఆయనకి ఒకప్పుడు మనుషులు ఎక్కువై దెబ్బ తగిలింది, అందుకని మనుషుల్ని తగ్గించమన్నారు. ల్యాబ్ నడిపే ఆవిడకి అప్పు తీసుకున్నాకే మంచి జరిగింది, అందుకని తీసుకోమన్నారు. ఎవరి గతం వాళ్ళ నోట సలహాగా వచ్చింది. చెప్పినవాళ్ళకి మనసు తేలికైంది, విన్నావిడకి బరువు పెరిగింది. మధ్యలో ఆపాల్సింది నేనే. అందరూ ఉత్సాహంగా మాట్లాడుతున్నారు కదా అని ఆపలేదు.

“బిల్లు ఏ రోజు పంపావమ్మా?”

ఆ రోజే, ఆ రెండో సమావేశంలోనే, పద్ధతి మార్చాం. ఎవరి కేసైనా సరే మొదటి 25 నిమిషాలు ప్రశ్నలే, సలహా ఉండదు. ప్రశ్న వేషం వేసుకుని వచ్చే సలహాకి కూడా చోటు లేదు. “అడ్వాన్స్ అడగొచ్చు కదా?” అన్నది సలహాయే. “అడ్వాన్స్ ఎప్పుడైనా అడిగారా? అడిగితే ఏమన్నారు?” అన్నది ప్రశ్న. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది గానీ, మాకు అలవాటవడానికి మూడు సమావేశాలు పట్టింది.

ఇది నా సొంత తెలివేమీ కాదు. 1940ల్లో బ్రిటన్ బొగ్గు గనుల్లో రెగ్ రెవన్స్ అనే ఆయన గని మేనేజర్లని ఒకచోట కూర్చోబెట్టి, బయటి నిపుణుల పాఠాలు వినడానికి బదులు ఒకరి గని కష్టాలు ఒకరు తరచి చూసుకునేలా చేశాడు. మనం నేర్చుకునేదానిలో రెండు పాళ్ళుంటాయని ఆయన లెక్క. ఇదివరకే ఎవరో పోగేసి పెట్టిన జ్ఞానం ఒక పాలు, సరైన సమయంలో వేసే ప్రశ్న ఇంకో పాలు. మా మొదటి సమావేశంలో రెండో పాలు అసలే లేదు.

రిపేరు షెడ్డు పెద్దాయనకి అరవై దాటాయి. మామూలుగా తక్కువ మాట్లాడతారు. ఆ రోజు కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని ఆవిడని అడిగారు.

“అమ్మా, ఈ మధ్య డబ్బు చేతికొచ్చిన ఆర్డర్ ఒకటి చెప్పు. ఒక్కటి చాలు.”

ఆవిడ ఒక ఆసుపత్రి ఆర్డర్ చెప్పారు. 200 జతలు.

“సరుకు ఏ రోజు పంపావు?”

“4వ తారీఖునండీ.”

“బిల్లు ఏ రోజు పంపావమ్మా?”

“నెలాఖరుకి.”

“4వ తారీఖు వెళ్ళిన సరుక్కి ఆ నెలాఖరుకా?”

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఫోన్ తీసి వెనక్కి వెనక్కి వెతికారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. అంత నిశ్శబ్దాన్ని భరించడం నడిపేవాడికి కష్టం, ఏదో ఒకటి అనేసి ఆవిడని ఆదుకోవాలనిపిస్తుంది. చివరికి ఆవిడే తలెత్తి, “కాదన్నా, దాని తర్వాతి నెల 9న” అన్నారు.

200 జతల్లో 6 జతలు సైజు కుదరక వెనక్కొచ్చాయట. అవి సరిచేసి ఇచ్చేదాకా మొత్తం బిల్లు ఆపేశారు. “సరుకు పూర్తిగా సరిగ్గా ఇవ్వకుండా డబ్బెలా అడగను?” అన్నారు. ఆ మాటలో నిజాయితీ ఉంది, మొహమాటమూ ఉంది. రెండూ ఎంతగా కలిసిపోయాయంటే ఏది ఎక్కడ మొదలవుతుందో ఆవిడకే తెలియదు. 6 జతల కోసం 194 జతల డబ్బు నెల రోజులకి పైగా ఆగిపోయింది.

ఆ రోజు మేం అప్పు ఊసెత్తలేదు. చివర్లో ఆవిడ తనకి తాను పెట్టుకున్న పని ఒక్కటే: పోయిన 20 ఆర్డర్లకి నాలుగు తేదీలు రాసుకురావడం. బట్ట కొన్నది ఎప్పుడు, సరుకు పంపింది ఎప్పుడు, బిల్లు ఇచ్చింది ఎప్పుడు, డబ్బు వచ్చింది ఎప్పుడు. నేను దాన్ని ఆవిడ మాటల్లోనే ఒక రిజిస్టరులో రాశాను. ఆ రోజు నుంచే మాకు “మాట పుస్తకం” మొదలైంది. ఎవరు ఏం చేస్తామన్నారు, ఎప్పటికల్లా అన్నారు, చివరికి ఏమైంది: మూడే గళ్ళు. సమావేశం దాన్ని తెరవడంతోనే మొదలవుతుంది.

నియమం పెట్టి ప్రతిసారీ అవే ప్రశ్నలు అడగడం చాలా పాత పద్ధతి. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంకా 21 ఏళ్ళ ప్రింటింగ్ పనివాడు. తనలాంటి పనివాళ్ళనీ, చిన్న వ్యాపారుల్నీ పోగేసి శుక్రవారం సాయంత్రాలు కలుసుకునే ఒక సంఘం పెట్టాడు. వాళ్ళకి ప్రతి సమావేశంలో చదువుకునే ప్రశ్నల జాబితా ఉండేది. ఈ మధ్య ఎవరి వ్యాపారమైనా దెబ్బతిందా, కారణం ఏమని విన్నారు అన్నది అందులో ఒకటి. దాదాపు 300 ఏళ్ళ కిందటి ఆ ప్రశ్న ఈ రోజు అడిగినా గదిలో అందరూ సర్దుకుని కూర్చుంటారు.

ఎర్ర పెన్ను గడి

మూడో సమావేశానికి ఆవిడ గీతల పుస్తకం ఒకటి తెచ్చారు. స్కేలుతో నిలువు గీతలు గీసి, 20 ఆర్డర్లూ వరసగా రాశారు. సరుకు పంపిన తేదీకీ బిల్లు తేదీకీ మధ్య ఇంకో సన్నని గడి గీసి, ఎన్ని రోజులో ఎర్ర పెన్నుతో వేశారు. 3, 22, 11, 35, 8, 31... పుస్తకం టేబుల్ మీద పెట్టి మా వైపు తిప్పినప్పుడు, చదవాల్సిన అవసరం లేకుండానే ఆ ఎర్ర గడి కనిపించింది.

సగటున లెక్క ఇలా తేలింది. బట్ట కొన్న రోజు నుంచి సరుకు పంపేదాకా 33 రోజులు. సరుకు పంపాక బిల్లు ఇవ్వడానికి 19 రోజులు. బిల్లు ఇచ్చాక డబ్బు రావడానికి 41 రోజులు. బట్ట ఇచ్చినవాళ్ళు ఈవిడకి ఇచ్చే గడువు 15 రోజులు. మొదటి మూడూ కూడితే 93, అందులో 15 తీస్తే 78. అంటే బట్టకి కట్టిన డబ్బు మళ్ళీ చేతికి రావడానికి 78 రోజులు. ఈలోగా కుట్టేవాళ్ళకి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు జీతాలివ్వాలి.

ఆర్డర్లు పెరిగేకొద్దీ టెన్షన్ ఎందుకు పెరుగుతోందో అప్పుడు ఆవిడకి అర్థమైంది. ప్రతి కొత్త ఆర్డరూ 78 రోజుల పాటు డబ్బు మింగి కూర్చుంటుంది. లాభం వస్తున్న వ్యాపారం కూడా ఇలా ఊపిరాడక ఆగిపోవచ్చు. లాభనష్టాల కాగితం ఒక్కటే చూసుకునే చిన్న వ్యాపారులకి ఇది కనపడదు, ఎందుకంటే ఆ కాగితంలో తేదీలు ఉండవు.

ఇక అప్పు సంగతి. రోజు అమ్మకం 100 అయితే నెలకి 3,000. జీతాలు అందులో దాదాపు 28 శాతం, అంటే 840. ఆవిడ తీసుకుందామనుకున్న అప్పు 2,000. బిల్లు ఆలస్యం 19 రోజుల నుంచి 2 రోజులకి దిగితే, 17 రోజుల అమ్మకం, అంటే 1,700, ముందుకి జరిగి చేతికొస్తుంది. రెండు నెలల జీతాలకి సరిపోయే మొత్తం అది, దానికి వడ్డీ కూడా లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఆవిడకి అప్పుడే చెప్పాను: ఇది ఒక్కసారి దొరికే వెసులుబాటు, నెలనెలా వచ్చే ఆదాయం అనుకోకూడదు.

ఈసారి సలహాల బదులు అనుభవాలు అడిగాను. “మీరు ఇలా చేయాలి” అనకుండా “నాకు ఇలా జరిగింది” అని మొదలుపెట్టాలి. ప్రింటింగ్ ప్రెస్సు ఆవిడ చెప్పింది వినాల్సిన మాట. “నేనూ నాలుగు పేజీలు మళ్ళీ కొట్టాల్సి వస్తే మొత్తం బిల్లు ఆపేదాన్ని. ఒకసారి ఆ కస్టమరే ఫోన్ చేసి, మా సంవత్సరం లెక్కలు మూసేస్తున్నాం, నీ బిల్లేదీ అని అడిగారు. నా మంచితనం వాళ్ళకి ఇబ్బందయింది. అప్పటి నుంచి వెళ్ళిన సరుక్కి వెంటనే బిల్లు, తిరిగొచ్చినవాటికి వేరే చీటీ.” కుట్టు యూనిట్ ఆవిడ ముఖంలో మొదటిసారి ఒక తేలిక చూశాను. బిల్లు త్వరగా పంపడం కక్కుర్తి అనిపించుకోదని పది మంది నిపుణులు చెప్పినా రాని ధైర్యం, అదే మొహమాటంలోంచి బయటపడ్డ మనిషి చెబితే వచ్చింది.

పరిష్కారం మాత్రం బృందంలో ఎవరూ చెప్పలేదు, ఆవిడే కనిపెట్టారు. డెలివరీలు చూసేది ఆవిడ తమ్ముడు. “రేపటి నుంచి బిల్లు లేకుండా బండి కదలదు” అన్నారు. మాట పుస్తకంలో అదే రాశాను. మూడో రోజే తప్పింది, కస్టమర్ తొందరపెట్టాడని తమ్ముడు బిల్లు లేకుండా సరుకు తీసుకెళ్ళాడు. ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. గోడకి మేకు కొట్టి, బండి తాళం చెవిని బిల్లు పుస్తకం పక్కనే తగిలించారు. తాళం తీయాలంటే పుస్తకం కంటపడాల్సిందే. ఆ తర్వాత రెండు నెలల్లో తప్పింది ఒకే ఒక్కసారి.

మధ్యలో ఒక చిక్కు

నాలుగో నెలలో, బృందంలోని ఒక సభ్యుడు ఆవిడ ఇబ్బంది చూడలేక, బయట విడిగా కలిసి చేబదులు ఇస్తానన్నారు. మంచి మనసుతోనే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు. ఆవిడ ఇరకాటంలో పడి నాకు ఫోన్ చేశారు. సభ్యుల మధ్య అప్పులు ఉండకూడదని మా నియమం, నేను ఇద్దరితోనూ మాట్లాడి వద్దన్నాను. ఆయన బాగా నొచ్చుకున్నారు, ఒక సమావేశానికి రాలేదు కూడా.

ఆ నియమం మీద నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. డబ్బు ఇచ్చిన మరుక్షణం ఆయన తోటి వ్యాపారి కాకుండా అప్పిచ్చిన మనిషి అవుతారు. “పోయిన నెల వసూళ్ళు ఎలా ఉన్నాయి?” అని ఆయన మామూలుగా అడిగినా, అది తన డబ్బు గురించే అడిగినట్టుంటుంది. ఆవిడ లెక్కలు విప్పడం తగ్గిస్తారు. లెక్కలు దాచుకునే బృందంలో కూర్చుని లాభం లేదు. ఆయన తర్వాతి నెల వచ్చారు, ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు. ఈ నియమాన్ని సభ్యులు చేరే రోజే కారణంతో సహా చెప్పి ఉంటే ఆయనకి ఆ బాధ ఉండేది కాదు, ఇప్పుడు అలాగే చెబుతున్నాను.

పెద్ద కస్టమర్

41 రోజుల సగటుని విడగొట్టి చూశాక అసలు బొమ్మ కనపడింది. ఆవిడ అమ్మకాల్లో 38 శాతం ఒకే కస్టమర్‌ది. వాళ్ళ బిల్లులు 63 రోజులకి వస్తున్నాయి. మిగతా అందరూ కలిపి 28 రోజులకే, అంటే ఒప్పుకున్న 30 రోజుల లోపే ఇచ్చేస్తున్నారు. “ఎవరూ టైముకి డబ్బివ్వరు” అని ఆరు నెలలుగా అనుకుంటున్న ఆవిడకి, చాలామంది టైముకే ఇస్తున్నారని తెలియడం పెద్ద ఊరట.

ఆ పెద్ద కస్టమర్‌కి మొదటి సంవత్సరం నుంచీ 8 శాతం డిస్కౌంట్ నడుస్తోంది. మామూలు ధర 100 అనుకుంటే బట్ట, దారం, కుట్టు కూలి కలిపి 70 పోతాయి, మిగిలేది 30. 8 తగ్గిస్తే మిగిలేది 22. ఆ 30ని మళ్ళీ సంపాదించాలంటే 36 శాతం ఎక్కువ బట్టలు కుట్టాలి. “8 శాతమే కదా” అనుకున్నది, కుట్టేవాళ్ళ చేతుల మీద 36 శాతం పనిగా పడుతుంది. డిస్కౌంట్ ఇచ్చే ప్రతి చిన్న వ్యాపారీ ఈ ఒక్క భాగహారం చేసి చూసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. తగ్గింపుకి ముందు మిగిలేదాన్ని, తగ్గించాక మిగిలేదానితో భాగిస్తే చాలు.

మరి అడగడానికేం అంటే, “మొదట నన్ను నమ్మింది వాళ్ళే అన్నా” అన్నారు. ఆరేళ్ళ కిందట మూడే మెషీన్లున్న రోజుల్లో వచ్చిన ఆర్డర్ అది. షెడ్డు పెద్దాయన అప్పుడు తన సంగతి చెప్పారు. ఒకే ఒక్క లారీ యజమాని మీద షెడ్డంతా ఆధారపడి నడిపారట, ఏనాడూ గట్టిగా అడగలేదట. చివరికి ఆ యజమాని వ్యాపారం మానుకున్నప్పుడు బాకీ సగం మునిగింది. “ఆయన మంచోడే తల్లీ. అడిగితే ఇచ్చేవాడే. నేనే అడగలేదు” అన్నారు. గొంతు కొంచెం వణికింది. ఆయన అది చెప్పి ఊరుకున్నారు, నువ్విలా చెయ్యి అని ఒక్క మాట అనలేదు.

ఐదో సమావేశంలో ఆ సంభాషణని ముందుగా ఆడి చూశాం. ఫర్నిచర్ ఆయన కస్టమర్‌గా కూర్చున్నారు. మొదటిసారి ఆవిడ నాలుగు నిమిషాలు మాట్లాడారు. కుశల ప్రశ్నలు, క్షమాపణలు, పాత రోజుల కృతజ్ఞతలు అన్నీ వచ్చాయి గానీ 63 అనే అంకె రాలేదు. రెండోసారి అంకె వచ్చింది, వెంటనే “మీ వీలునిబట్టే ఇవ్వండి” అని తనే వెనక్కి తీసుకున్నారు. నాలుగోసారికి మాట ఇలా కుదిరింది: “మీ బిల్లులు సగటున 63 రోజులకి వస్తున్నాయి. మనం అనుకున్నది 30. 30 రోజుల్లో రావాలంటే నేను మా వైపు నుంచి ఏం మార్చాలి?” చివరి వాక్యం మందుల షాపు ఆయన పెట్టించారు. అది లేకపోతే ఫిర్యాదులా ఉంటుందన్నారు.

ఆ వాక్యమే పని చేసింది. కస్టమర్ ఆవిడని నేరుగా తమ అకౌంట్స్ మనిషి దగ్గరికి పంపారు. ఆయన బీరువాలోంచి ఆవిడ బిల్లులు తీసి చూపించారు. వాటి మీద కొనుగోలు ఆర్డర్ నంబర్ లేదు, సరుకు అందినట్టు సంతకం చేసిన చలాన్ కాపీ జత చేయలేదు. అలాంటి బిల్లులు పక్కన పెడతారు, ఎవరో ఒకరు ఖాళీ దొరికినప్పుడు స్టోర్‌కి ఫోన్ చేసి కనుక్కుని పాస్ చేస్తారు. ఆరేళ్ళుగా ఆ బిల్లులు ఆ “పక్కన” ఉంటున్నాయి. ఎవరూ ఎగ్గొట్టాలని చూడలేదు. బాకీ ఆలస్యమవుతుంటే ముందుగా అడగాల్సింది యజమానిని కాదు, బిల్లు పాస్ చేసే మనిషిని అని అప్పటి నుంచి మా బృందంలో అందరికీ అలవాటైంది. ల్యాబ్ ఆవిడ ఆ వారమే తన రెండు పాత బాకీల గురించి అలా అడిగి చూశారు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. 63 రోజులు 30కి రాలేదు, 50 దగ్గర ఆగింది. 30 రోజుల్లో ఇచ్చిన బిల్లుకే డిస్కౌంట్ అని అడిగితే ఒప్పుకోలేదు. సరుకు అందిన 7 రోజుల తర్వాత వచ్చే సైజు మార్పులకి కూలి కట్టడానికి మాత్రం సరేనన్నారు. ఆవిడ దానికే సంతోషించారు. ఇంకొంచెం గట్టిగా అడగాల్సిందని నాకనిపించింది గానీ, ఆ గదిలో కూర్చుని మాట్లాడింది ఆవిడ, నేను కాదు.

ఎనిమిదో నెల లెక్క

బట్ట కొన్నప్పటి నుంచి డెలివరీకి 27 రోజులు. సైజుల జాబితా చేతికొచ్చాకే బట్ట కొంటున్నారు, ఆరు రోజులు అక్కడ తగ్గాయి. బిల్లుకి 2 రోజులు. డబ్బు రావడానికి 36. బట్ట గడువు అదే 15. మొత్తం 78 రోజులు 50కి దిగింది. వరసగా మూడు నెలలు జీతాలు చేబదులు లేకుండా ఇచ్చారు. 25వ తేదీ తర్వాత కూడా నిద్ర పడుతోందని చెప్పినప్పుడు ప్రెస్సు ఆవిడ లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

మాట పుస్తకంలో ఆవిడ పేరు మీద ఇప్పటికి 7 మాటలున్నాయి. 5 జరిగాయి, 2 జరగలేదు. జరగని ఒకటి డిస్కౌంట్. రెండోది, కొత్త ఆర్డర్లకి ముందుగా కొంత అడ్వాన్స్ తీసుకోవడం. దాన్ని రెండు నెలలు వరసగా “ఇంకా అడగలేదు” అని చెప్పారు. ఆ మాట చెప్పడానికి ఆవిడకి కష్టంగా ఉంటుంది, మాకూ వినడానికి కష్టంగానే ఉంటుంది. ఎవరూ తప్పుపట్టరు, ఎవరూ మర్చిపోరు కూడా. పుస్తకం చదివిన ప్రతిసారీ ఆ మాట మళ్ళీ గదిలోకి వస్తుంది. ఒకసారి సలహా చెప్పి వెళ్ళిపోయే ఏ పెద్దమనిషీ చేయలేని పని ఇదేనని నేను అనుకుంటున్నాను. తమ్ముడు బిల్లు మర్చిపోయిన రోజు మేకు కొట్టి తాళం తగిలించడానికి కారణం, వచ్చే నెల మా అందరి ముందు ఆ గడిలో “జరగలేదు” అని రాయించుకోవడం ఇష్టం లేకేనని ఆవిడే తర్వాత చెప్పారు.

అప్పు విషయానికొస్తే, ఆవిడ చివరికి తీసుకున్నారు. 2,000 కాదు, 600. జీతాల కోసం కాదు, కాజాలు కుట్టే మెషీన్ కోసం. ఇప్పటిదాకా కాజాలకి బయట ఇస్తున్నారు, ప్రతి ఆర్డర్‌లో మూడు నాలుగు రోజులు అక్కడే పోతున్నాయి. మెషీన్ వస్తే 27 రోజులు 23కి దిగాలని ఆవిడ లెక్క. 23 అన్న అంకెని మాట పుస్తకంలో రాయించారు, మూడు నెలల గడువు పెట్టుకున్నారు. దాని కింద గీత గీసి, అడ్వాన్స్ సంగతి మూడోసారి రాయమన్నారు.